మాట ముగిసేదాకా

చిత్తూరు,
జూలై, ఆదివారం

తిరుచానూరు లోకేశ్వరి అత్తకు,

పోయిన వారమంతా నువ్వు ఫోను చేస్తానే ఉండావు, నేను ఎత్తలేదు. ఎత్తి మాత్రం ఏం చేసేది? నేను "హ..." అని లాగేలోపలే నువ్వు "భానూ, బాగుండావా, బువ్వ తిన్నావా, మీ నాయన ఎట్లుండాడు, సరే పెట్టేస్తా" అని పెట్టేస్తావు. కాయితమైతే నాకు ఎవరూ అడ్డం రారు. సెల్లులో మెసేజీ పెట్టొచ్చు గానీ రెండు ముక్కల్లో చెప్పడం నాకు చేతకాదు, ఆ చిన్న అక్షరాలు చదివే ఓపిక నీకు లేదు. అందుకే పోస్టులో వేస్తా ఉండాను.

నువ్వు తిరుపతిలో ఆసుపత్రికి పిలుచుకొని పోయినప్పుడు మాటలు నేర్పే మేడమ్ ఏమనింది? "నీ నత్తి పోతుందని నేను చెప్పను. దాన్ని చూసి భయపడేది మాత్రం పోగొట్టుకోవచ్చు. ముందు అది ఎప్పుడొస్తుందో, ఎప్పుడు రాదో దొంగను కాచినట్టు కాచి చూడు" అనింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి దాన్ని చూసి పారిపోవడమే గానీ, ఒకసారైనా నిలబడి దాని మొగం చూడలేదు. ఈ నెల చూస్తిని. ఎంత వింత జంతువో తెలుసా అత్తా!

మన పాత్రల అంగడి వెనకాల తిరిగే పిల్లితో మాట్లాడితే రాదు. నాయనతో కలిసి దేవుని పాట పాడితే రాదు. వేలూరు నుంచి వచ్చే బేరగాళ్ళతో అరవంలో మాట్లాడితే సగానికి సగం తగ్గిపోతుంది, నా నోట్లో వేరే ఎవడో కూర్చొని మాట్లాడినట్టు ఉంటుంది. గిరి అన్న ఊర్లో లేకుంటే తక్కువ, పక్కనుంటే ఎక్కువ. ఇది మాత్రం నాకు అంతుపట్టలేదు. అన్న నన్ను ఏనాడూ ఎగతాళి చేయలేదు. నా తరఫున అందరితో తనే మాట్లాడతాడు. అట్లాంటి మనిషి పక్కనుంటే ఎక్కువ కావడమేంది?

అన్నిటికంటే కష్టమైన అక్షరం "భ". నాకు ఈ పేరు పెట్టింది మేనత్తవి నువ్వేనంట కదా. "రాజు" అని పెట్టుంటే ఏం పోయేది?

ఇంకొక మాట, కోపం చేసుకోవద్దు. మొన్న మీ ఇంట్లో తినేటప్పుడు నేను "ప... ప..." అంటే నువ్వు "పప్పేనా? వేస్తా ఉండు" అని రెండు గరిటెలు వేసేసినావు. నేను అడగబోయింది పచ్చడి. చిన్నప్పటి నుంచి నువ్వు, అమ్మ, అన్న నా మాటలు పూర్తి చేస్తానే ఉండారు. ప్రేమతోనే. కానీ సగానికి పైన తప్పు. నేను తల ఊపేస్తాను. అట్లా నేను అడగని పప్పు చానా తిన్నాను అత్తా.

నీ అల్లుడు,
భానుచందర్

*

తిరుచానూరు,
ఆగస్టు

ఒరే భానూ,

నీ జాబు మీ మామకు సదివి వినిపిస్తిని. పప్పు కాడికి వచ్చేసరికి ఆయప్ప పొట్ట పట్టుకోని నవ్వినాడు. నేనూ నవ్వితిని. మళ్ళా సందకాడ గుడి కాన్నుంచి పూలు తెచ్చుకోని వస్తా ఉంటే ఆ మాట ముల్లు మాదిరి గుచ్చుకునింది. అడగని పప్పు. ఎంతమందికి పెట్టినానో నేను!

నా బతుకే అట్లాంటిది గదా. లాడ్జి నడిపేదాన్ని. యాత్రికులు గడప తొక్కినారంటే వాళ్ళు నోరు తెరిసేలోపల ఏం గావాలో నాకు తెలిసిపోవల్ల. వేన్నీళ్ళా, రూమా, దర్శనానికి దారా. అది నా తెలివి అనుకుంటా ఉంటిని. నీ జాబు సదివినాక ఒక పరీక్ష పెట్టుకుంటిని. దినానికి ఒక మనిషిని ఎంచుకోవల్ల. ఆ మనిషి మాట ముగిసేదాకా నేను నోరు తెరవకూడదు. అంతే.

అమ్మా, ఎంత కష్టంరా! మొదటి దినం నాలిక కరుచుకుంటిని, నిజంగానే. రెండో దినం పాలు పోసే ఆయప్ప కాడ తప్పితిని. అయితే ఒకటి జరిగింది. కడప సైడు నుంచి ఒక ముసలాయన వచ్చినాడు, పెండ్లాంతో. మేడ మీద రూము సూపిస్తా ఉంటే ఆయన "అమ్మా, ఈ రూములో..." అని నిలబడిపోయినాడు. "నీళ్ళు బాగా వస్తాయి, ఏం భయం లేదు" అనే మాట నా నోటి సివరకు వచ్చేసింది. మింగితిని. ఆయన గోడలన్నీ సూసి, "ఈ రూములోనే మేము పెండ్లైన కొత్తలో దిగినాము. అప్పుడు ఆ కిటికీలోనుంచి గోపురం కనిపిస్తా ఉండె. ఇప్పుడు ఎదురు మేడ అడ్డం వచ్చింది" అనినాడు. ఆ కిటికీలోంచి గోపురం కనిపించేదని నాకే తెలీదు. ఇన్నేండ్లుగా నా లాడ్జి గురించి ఇంగెన్ని కతలు నేను నోటితో తరిమేసినానో!

అందుకని ఒక ఒప్పందం సేసుకుందాం. నువ్వూ దినామూ సేసే పని ఒకటి పెట్టుకో. ఇద్దరం ఒకరికొకరు రాసుకోవల్ల. తప్పిన దినాలు గూడా రాయల్ల. మంచి దినాలే రాస్తే అది ఎచ్చులకు పోవడం, సాధన గాదు.

పేరు సంగతి అంటావా, నువ్వు పుట్టినప్పుడు పొద్దు అప్పుడే ఎక్కతా ఉండె, అందుకు పెట్టినాను. మార్సేది లేదు.

మీ అత్త,
లోకేశ్వరి

*

చిత్తూరు,
సెప్టెంబరు, పెరటాసి నెల మొదటి శనివారం

అత్తా,

ఒప్పందం ఒప్పుకుంటిని. నా పని రెండు ముక్కలు. పొద్దన్నే మిద్దెక్కి పేపరు గట్టిగా చదవడం ఒకటి. అంగట్లో దినానికి ఒక గిరాకీని అన్నకు అప్పజెప్పకుండా మొదటి నుంచి చివరిదాకా నేనే మాట్లాడి పంపడం రెండోది.

మిద్దె మీద చదివేది సులభమే. ఎదురింటి ఆయమ్మ బట్టలు ఆరేస్తా "ఏమబ్బా, వార్తల్లో ఉద్యోగం వచ్చిందా?" అని అడిగింది. అంగట్లోదే కష్టం. అక్కడే ఒక సంగతి కనిపెట్టినాను. నాకు "బిందె" అనడం రాదు. "బ" దగ్గర గొంతు తాళం పడుతుంది. అందుకని ఇన్నాళ్ళూ "నీళ్ళు పట్టేది" అంటా ఉంటిని. గంగాళం అనలేక "పెద్దది" అంటా ఉంటిని. అమ్మేది పాత్రలు, పాత్రల పేర్లు పలకను! ఆలోచిస్తే నా మాటలన్నీ ఇట్లాంటివే. రాని మాటను వదిలేసి వచ్చే మాటను అంటాను. వచ్చే మాటకు తగినట్టు మనసు కూడా మార్చుకుంటాను. హోటల్లో దోసె తినాలనుంటే దోసె అనలేక ఇడ్లీ తిని వచ్చినవాణ్ణి నేను.

మొన్న ఒకామె కూతురి పెండ్లికి పాత్రలు కొనేదానికి వచ్చింది. "బి... బి..." అని నేను ఆగిపోతే అన్న గల్లా దగ్గర నుంచి లేవబోయినాడు. వద్దని చేయి చూపిస్తిని. ఆమె కాచుకునింది. "బిందె" బయటికి వచ్చింది. భూమేమీ బద్దలు కాలేదు. ఆమె బిందెను అటూ ఇటూ తిప్పి "అడుగు పలచగా ఉండాదే" అనింది. అంతే! నా నత్తి కంటే బిందె అడుగు ముఖ్యం ఆమెకు.

తప్పిన దినాలు కూడా ఉన్నాయి. వరసగా కొన్నాళ్ళు ఒక్క గిరాకీతో కూడా మాట్లాడలేదు. వాన, గిరాకీలు తక్కువ అని సాకు చెప్పుకుంటిని.

ఇంకో వార్త నాయన చెప్పే ఉంటాడు. కార్వేటినగరం సంబంధం. అమ్మాయి పేరు రేవతి. వాళ్ళకు విత్తనాలు, ఎరువుల అంగడి. వాళ్ళ నాయన ఏకాంబరం గారితో పాటు ఆ అమ్మాయే అంగట్లో కూర్చుంటుంది. చూపులు అయినాయి. నేను నాలుగు మాటలు మాట్లాడితిని. మనోళ్ళు "అబ్బాయి రవంత నిదానంగా మాట్లాడతాడు" అని మాత్రం చెప్పినారు. కార్తీకం పోయినాక నిశ్చితార్థం అనుకుంటా ఉండారు. ఫోన్లు నడుస్తా ఉండాయి. రేవతి ఫోన్లో చానా బాగా మాట్లాడుతుందంట. నవ్విస్తుందంట కూడా.

భాను

*

తిరుచానూరు,
అక్టోబరు

భానూ,

నీ బిందె కత సదివి సంతోషపడితిని. ఈసారి నా కత సెప్పల్ల. కూర్చోని సదువు.

మీ మామ సంగతి నీకు తెలుసు గదా. దినానికి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. నెమ్మదస్తుడు, మాటల్లేని మనిషి అని ఊరంతా సెప్పుకునేదాన్ని. ఆయన్ను ఒక దినం నా పరీక్షకు ఎంచుకుంటిని. ఇంట్లో మనిషే గదా, సులభం అని.

దోసెలు పోస్తా ఉండాను. ఆయప్ప వచ్చి వాకిలి కాడ నిలబడి "ఆ కింద రూము..." అనినాడు. ఈ మాట ఆయన నోట్లో కొన్ని నెలలుగా వింటానే ఉండాను. విన్నప్పుడంతా "సున్నం కొట్టించల్ల, తెలుసు, పండగ పోనీ" అంటా ఉంటిని. ఆ పొద్దు అనలేదు. దోసె మాడతా ఉండాది, నేను తిప్పలేదు. ఆయప్ప నా మొగం సూసి "ఏంది, ఏమీ అనవా?" అనినాడు. "నువ్వు సెప్పు" అంటిని.

"ఆ కింద రూము గడప నాకు కనిపించడం లేదే. తట్టుకుంటా ఉండాను. ఎడమ పక్కంతా పొగ మాదిరి ఉండాది."

"ఎప్పటి నుంచి?"

"ఉగాదికి ముందు నుంచి. సెప్పబోతే నువ్వు సున్నం అంటివి. సరేలే, సున్నం గూడా కొట్టించాల్సిందే గదా అని ఊరుకుంటిని."

పొయ్యి ఆర్పేసి ఆడికాడికే ఆటోలో తిరుపతికి పిలుచుకోని పోతిని. కంట్లో ప్రెజరు పెరిగిందంట. ఇంగా పరీక్షలు సేస్తా ఉండారు. ఏం సెప్తారో తెలీదు. ఎక్కువ రాయలేను.

ఒకటి మాత్రం అడగతాను. రేవతి ఫోన్లో బాగా మాట్లాడుతుంది"అంట" అని రాసినావు. నవ్విస్తుంది"అంట" అనినావు. ఆ పాప మాట్లాడేది నీతోనే గదా? మరి నీకు సెప్పినది ఎవురు?

అత్త

*

చిత్తూరు,
దీపావళి ముందు

అత్తా,

మామ కన్ను సంగతి తెలిసి అందరమూ బాధపడితిమి. నాయన ఆదివారం వస్తాడు. డాక్టరు చుక్కల మందు ఇస్తే తప్పకుండా వేయించు. అంగట్లో పండగ బేరం, ఊపిరి ఆడటం లేదు. పేపరు చదవడం సాగతా ఉండాది. మిగతా అంతా మామూలే.

భాను

*

తిరుచానూరు,
నవంబరు

భానూ,

నీ జాబు అందింది. నేను అడిగినదానికి జవాబు దాంట్లో లేదు.

నాకు తోచింది ఒకటి ఉండాది. రాసేయాలని పెన్ను దురద పెడతా ఉండాది. అయినా రాయను. నీ మాట నేను పూర్తి సేసేది ఇంగ లేదు. ఎంత ఆలస్యమైనా సరే. కాసుకోని ఉండాను.

అత్త

*

చిత్తూరు,
కార్తీకమాసం

అత్తా,

నీ జాబు జేబులో పెట్టుకొని తిరిగితిని. ఎవరైనా అరిచింటే తప్పించుకొని ఉంటాను. కాచుకొని ఉండాను అన్నదానికి ఏం చెప్పేది?

రేవతితో ఫోన్లో మాట్లాడేది నేను కాదు. అన్న.

చూపులైన రెండో దినం ఆ అమ్మాయి ఫోను చేసింది. అంగట్లో ఉంటిమి. ఎత్తితిని. "హలో" రాలేదు. నోరు తెరుచుకొని ఉండాది, గాలి కూడా బయటికి రాలేదు. అవతల "హలో, హలో, వినిపిస్తుందా?" అంటా ఉండాది. అన్న నా మొగం చూసినాడు. ఫోను నా చేతిలోనుంచి తీసుకొని "ఆ, చెప్పండి, నేను భానునే, సిగ్నలు లేదు" అనేసినాడు. మా ఇద్దరి గొంతూ ఒకే తీరు కదా. "భాను" అని ఎంత సులభంగా అనినాడో! నాకు ఏమనిపించిందో నిజం చెప్పేదా? పెద్ద బరువు దిగినట్టు అనిపించింది. హాయిగా ఉండె.

ఆ తరువాత వారానికి రెండు మూడుసార్లు ఆ అమ్మాయి చేస్తుంది, అన్న మాట్లాడతాడు. వదిన పుట్టింటికి పోయి ఉండాది కాబట్టి ఇంట్లో అడిగేవాళ్ళు లేరు. మాట్లాడినాక ఆ అమ్మాయితో ఏమేం చెప్పినాడో రెండు ముక్కల్లో నాకు చెప్తాడు. "పెండ్లి కానీరా, ఒకసారి ఇంటికి వస్తే నీ మంచితనం తెలుస్తుంది, అప్పుడు ఇదంతా నవ్వుకునే సంగతి" అంటాడు. చెడ్డ ఉద్దేశం లేదు అత్తా. నా కోసమే.

ఒక దినం పక్కన కూర్చొని వింటిని. నా పేరుతో ఒక మనిషి జోకులేస్తా ఉండాడు. వాడు బలే ఉన్నాడు. నాకే నచ్చినాడు. నేను వాడిలా ఎప్పటికీ ఉండలేను.

మిద్దె మీద పేపరు చదివేది, బిందె అనేది, అంతా నీకు గొప్పగా రాస్తిని. అసలు ఎత్తాల్సిన ఫోను ఎత్తలేదు. నన్ను ఏమైనా అను.

భాను

*

తిరుచానూరు,
పంచమి తీర్థం అయినాక

నాయనా భానూ,

అమ్మవారి పంచమి తీర్థానికి వచ్చిన జనం అంతా ఎల్లిపోయినారు. ఊరు ఊడ్చి పెట్టినట్టు ఉండాది. ఇప్పుడు తీరిగ్గా రాస్తా ఉండాను.

ముందు మామ సంగతి. ఎడమ కన్ను పోయినంత మటుకు పోయిందంట. ఆ సూపు తిరిగి రాదంట. కుడి కన్నుకు ఇప్పుడిప్పుడే మొదలైంది కాబట్టి దాన్ని కాపాడుకోవచ్చునంట. "ఇంకొంచెం ముందుగా వచ్చింటే" అని డాక్టరు అనినాడు. అని ఊరుకున్నాడు. ఆయన సగంలో ఆపిన ఆ మాటను నేను పూర్తి సేసుకోనక్కర్లేదు, నాకు తెలుసు. ఇంటికి వచ్చినాక ఏడిస్తిని. మీ మామ "ఏడ్చి నీ కండ్లు గూడా పోగొట్టుకోబాకే, ఇద్దరిలో ఒకరైనా గడప సూడల్ల" అనినాడు. ఇన్నాళ్ళూ ఈ మనిషికి ఇంత ఎటకారం ఉండాదని నాకు తెలీలేదు సూడు. ఇప్పుడు దినామూ సుక్కల మందు నేనే ఏస్తాను. ఏసినాక కండ్లు మూసుకోని పడుకోవల్ల కదా, అప్పుడు మాట్లాడతాడు. నేను వింటాను. ఆయప్పకు ఆకాశంలో సుక్కల పేర్లన్నీ తెలుసునంట! వాళ్ళ తాత నేర్పించినాడంట. నాకెప్పుడూ సెప్పలేదే అంటే "నువ్వు అడగలేదే" అనినాడు.

ఇంగ నీ సంగతి. నిన్ను ఏమీ అనను. ఏం సెయ్యల్లో గూడా సెప్పను. నాకు కొన్ని సందేహాలు ఉండాయి, అవే అడగతాను.

రేవతికి ఏమంటే ఇష్టం? ఆ పాప దేనికి నవ్వుతుంది, దేనికి బాధపడుతుంది? మీ అన్నకు తెలిసింటుంది. నీకు తెలుసునా? నీ నత్తిని దొంగను కాసినట్టు కాసి సూస్తివే, ఎన్ని సంగతులు కనిపెడితివి! పెండ్లి సేసుకోబోయే మనిషి ఎట్లాంటిదో తెలుసుకోవాలని నీకు లేదా?

ఇంకొకటి. ఆ పాప మాట్లాడేది ఎవురితోనో ఆ పాపకు తెలీదు. అది నీ కష్టమా, ఆ పాప కష్టమా?

అత్త

*

చిత్తూరు,
డిసెంబరు

అత్తా,

కార్వేటినగరం పోయి వస్తిని. ఎవరికీ చెప్పలేదు. నీ జాబులో చివరి ప్రశ్న నన్ను నిలవనీయలేదు. అంతవరకు అది నా కష్టమే అనుకుంటా ఉంటిని.

పొద్దున బస్సుకు పోతిని. పాత కోట గోడ దాటినాక బజారులో వాళ్ళ అంగడి. ఏకాంబరం గారు లేరు. రేవతి ఒక్కటే ఉండాది, విత్తనాల పొట్లాలు అరలో సర్దుతా. నన్ను చూసి మొగమంతా నవ్వింది.

"మీరా? వస్తానని నిన్న ఫోన్లో ఒక్క మాట కూడా అనలేదే!"

బల్ల అంచు పట్టుకుంటిని. "ని... నిన్న ఫ... ఫ..." అక్కడ ఆగిపోయింది. "సెల్లు" అని మార్చేయొచ్చు. మార్చలేదు. మధ్యలో ఒక రైతు వచ్చి వంగ విత్తనాలు అడిగినాడు. ఆమె ఇచ్చి పంపింది. మళ్ళా నా వైపు తిరిగింది. అప్పటికి వచ్చింది. "నిన్న ఫోన్లో మాట్లాడింది నేను కాదు."

"అంటే?"

"ఒ... ఒక్కసారి కూడా నేను కాదు. మా అన్న. నాకు నత్తి. ఫోన్లో మాట రాదు. మొ... మొదటి దినమే చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాదే."

ఆమె చేతిలో పొట్లం బల్ల మీద పెట్టింది.

"నత్తి అని చూపుల నాడే తెలుసు నాకు. ఫోన్లో రాలేదని ఆశ్చర్యపడితిని. ఎదురుగా చూస్తే సిగ్గేమో, ఫోన్లో అయితే రాదేమో అని నేనే సర్దిచెప్పుకుంటిని" అనింది. తరువాత గొంతు మారింది. "మా నాయనకు ఒంట్లో బాగలేదని మీకు చెప్తిని. మా అమ్మకు కూడా చెప్పలేదు ఆ మాట. ఏమి జబ్బో మీకు తెలుసా?"

"తె... తెలీదు."

"మీ అన్నకు తెలుసు."

"నాకు చెప్పలేదు."

"అయితే నేను ఎవరికి చెప్పుకున్నట్టు?"

సాకులు చానా ఉండె. ఒకటీ చెప్పలేదు. "తప్పే" అని మాత్రం అంటిని, మళ్ళా.

"పొండి. మీ అంతట మీరే వచ్చి చెప్పినారు కాబట్టి అరవలేదు. పొండి."

వచ్చేస్తిని. బస్సులో ఏమనిపించిందో తెలుసా? వాళ్ళ నాయనకు ఏమైందో, ఆ అమ్మాయి ఒక్కతే దాన్ని ఎట్లా మోస్తా ఉండాదో అని. నా గురించి కాదు. అది నాకే కొత్తగా ఉండె.

ఇంటికి వచ్చి అన్నకు, నాయనకు చెప్తిని. నాయన తల పట్టుకున్నాడు. అప్పటికప్పుడే ఏకాంబరం గారికి ఫోను చేసి క్షమాపణ అడిగినాడు. సంబంధం పోయింది. అన్న మాత్రం నా మీద మండిపడినాడు. "నా కోసమా చేసింది? నీ కోసం కాదా? నన్ను దొంగను చేస్తివి కదరా!" అని కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు. అంగడి ఫోను తెచ్చి నా ముందర పెట్టినాడు. "ఇంగ నీ ఫోన్లే కాదు, అంగడికి వచ్చేవన్నీ నువ్వే ఎత్తుకో. నేను ముట్టను."

అదీ సంగతి అత్తా. ఎంత చెడ్డగా ముగిసిందో చూడు. అయినా వచ్చిన దారిన తిరిగి పోలేను.

భాను

*

తిరుచానూరు,
సంక్రాంతి వెళ్ళినాక

భానూ,

నీ జాబు సదివి ఫోను సేతిలోకి తీసుకుంటిని. కార్వేటినగరానికి సేసి "అమ్మా, మా పిల్లోడు బంగారం" అని సెప్పేదానికి. మామ "ఎవురి తరఫున?" అని ఒకే మాట అడిగినాడు. కింద పెట్టేస్తిని. మళ్ళా పెట్టబోతిని పప్పు, సూడు!

చెడ్డగా ముగిసింది అనినావు. నాకట్లా అనిపించలేదు. అయితే ఏమైందో నాకూ తెలీదు. అది తెలిసే దినం వస్తే రాయి.

గిరి మీద కోపం పెట్టుకోబాక. వాడు నీ గొంతు మోసి మోసి అలిసిపోయినాడు. వాడికి గూడా దింపుకోవాలని ఉండిందేమో, అడిగి సూడు.

ఫోన్లు ఎత్తతా ఉండావా? అదే రాయి. తప్పిన దినాలు గూడా.

అత్త

*

చిత్తూరు,
ఫిబ్రవరి

అత్తా,

ఫోన్ల సంగతి ముందు. అన్న కోపంతో చేసిన పని నాకు పెద్ద బడి అయింది. మదరాసు హోల్‌సేలు వాళ్ళు, లారీ ఆఫీసు, పెండ్లివాళ్ళు, ఎవరు చేసినా నేనే. మొదట్లో కొందరు పెట్టేసినారు. ఒకాయన నవ్వినాడు. నేను ఎత్తకుండా వదిలేసినవి కూడా ఉండాయి, రెండు ఆర్డర్లు పోయినాయి, నాయన గొణిగినాడు. తరువాత ఒక ఉపాయం దొరికింది. ఉపాయం కూడా కాదు, నిజం. ఎత్తుతూనే "నాకు నత్తి ఉంది, కొంచెం కాచుకోండి" అని చెప్పేస్తాను. దాచాల్సింది లేకుంటే గొంతు సగం తాళం తనే తీసుకుంటుంది. మిగతా సగం ఉంటుంది. ఉండనీ.

అన్నను నువ్వు చెప్పినట్టే అడిగితిని. ఒక మధ్యాహ్నం గిరాకీలు లేనప్పుడు. "నాకు బదులుగా మాట్లాడేది నీకు కష్టంగా ఉండెనా?" అని. చానాసేపు పాత్రలు తుడిచినాడు. "బడిలో పిల్లోళ్ళు నిన్ను ఏడిపిస్తా ఉంటే అమ్మ నాకు చెప్పింది, తమ్ముణ్ణి చూసుకోరా అని. ఎప్పటిదాకా అని చెప్పలేదు" అనినాడు. నాకు అప్పుడు అర్థమైంది, అన్న పక్కనుంటే నత్తి ఎక్కువెందుకో. నేను ఆగిన ప్రతిసారీ ఆ మనిషి ఊపిరి బిగబట్టేవాడు. అది నాకు తగిలేది. ఇద్దరమూ నవ్వుకుంటిమి, ఎన్ని నెలలకో.

ఇంగ అసలు సంగతి. నిన్న మధ్యాహ్నం రేవతి మా అంగడికి వచ్చింది.

వేలూరు ఆసుపత్రి నుంచి వాళ్ళ నాయనను పిలుచుకొని ఊరికి పోతా మధ్యలో దిగింది. ఏకాంబరం గారికి మూత్రపిండాల జబ్బు. ఇప్పుడు ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన ఎదురు హోటల్లో మా నాయనతో కూర్చున్నాడు. ఆ అమ్మాయి నేరుగా గల్లా దగ్గరికి వచ్చింది. నా దగ్గరికి కాదు, అన్న దగ్గరికి.

"మీతో చెప్పిన మాటలు ఎవరికైనా చెప్పినారా?"

"ఎవరికీ చెప్పలేదమ్మా. వీడికి కూడా."

"తప్పు అనిపించలేదా మీకు, వినేటప్పుడు?"

అన్న లేచి నిలబడినాడు. అన్నకు మాట తడబడడం నా జన్మలో మొదటిసారి చూస్తిని. "అనిపించింది. మీ నాయన సంగతి చెప్పిన దినం చానా అనిపించింది. ఆపలేకపోతిని. తప్పు నాది తల్లీ."

ఆమె తల ఊపింది. సరేనని కాదు, విన్నానని. తరువాత నా ముందరకు వచ్చి స్టూలు లాక్కొని కూర్చుంది.

"పెండ్లి మాట ఎత్తొద్దండి. ఆ మాట ఇప్పుడు లేదు. ఉంటుందో లేదో కూడా తెలీదు" అనింది. "మీరు వచ్చి చెప్పిపోయినాక కొన్నాళ్ళు కోపమే. తరువాత ఒకటే అనిపించింది. ఫోన్లో మాట్లాడిన మనిషి గురించి నాకు అన్నీ తెలుసు, ఆ మనిషి లేడు. అంగడికి వచ్చి నిలబడిన మనిషి గురించి ఏమీ తెలీదు, ఆ మనిషి ఉండాడు. నాయనకు టిఫిను అయ్యేదాకా నాకు పని లేదు. చెప్పండి."

"ఏ... ఏం చెప్పల్ల?"

"మీకు తెలిసింది ఏదైనా."

ఏం చెప్పాలో తెలియక చేతికి దొరికిన కంచు గిన్నె తీసుకొని వేలితో కొడితిని. ఖంగుమనింది. స్టీలు గిన్నె కొడితే టక్కుమని ఆగిపోయింది. కంచు ఎందుకు అంతసేపు మోగుతుందో, దాంట్లో తగరం తక్కువైతే మోత ఎట్లా మారుతుందో, కండ్లు మూసుకొని విని ఏది మంచిదో ఎట్లా చెప్పొచ్చో చెప్తిని. నత్తి వచ్చింది, చానాసార్లు. నేను ఆగలేదు. ఆమె గిన్నెలన్నీ ఒక్కొక్కటి కొట్టి చూసింది. కండ్లు మూసుకొని చూసింది. రెండు సరిగ్గా చెప్పింది, ఒకటి తప్పింది. "ఇంకొకటి ఇవ్వండి" అనింది.

తరువాత నేను అడిగితిని. విత్తనం మంచిదో కాదో ఎట్లా తెలుస్తుందని. తడి గుడ్డలో కట్టి మొలకలు చూడాలంట. నీళ్ళలో వేస్తే తాలువి తేలుతాయంట. వాళ్ళ అంగట్లో కొన్ని మొలకెత్తని విత్తనాలు వస్తే, కంపెనీవాళ్ళతో ఎట్లా పోట్లాడి వెనక్కి పంపిందో చెప్పింది. పోట్లాట చెప్పేటప్పుడు ఆమె చేతులు తిప్పుతుంది అత్తా. అది ఎవరూ నాకు చెప్పలేదు, నేను చూస్తిని.

హోటల్లో వాళ్ళ టిఫిను ఎప్పుడో అయిపోయింది. నాయనా, ఏకాంబరం గారూ వాకిట్లో నిలబడి చూస్తా ఉండారు, లోపలికి రాకుండా. పొద్దు వాలింది. బస్సు ఒకటి పోయింది, ఇంకొకటి వచ్చింది. ఆమె లేచి "ఫోను చేయండి, మీరే. నాకు తిక్క రేగితే ఎత్తను, మళ్ళా చేయండి" అని చెప్పి పోయింది.

ఈ పొద్దు తెల్లారి లేస్తే గొంతు పట్టేసింది. ఎంగిలి మింగితే నొప్పి. అమ్మ మిరియాల పాలు కాచి తెచ్చి, నుదురు తాకి చూసింది. "చలి పట్టిందా నాయనా?" అనింది.

"లేదమ్మా" అంటిని. "మాట్లాడినాను."

భానుచందర్